ఎలా పడ్డారో అడిగారా?

డాక్టరుగారి చీటీ మీద ఒక్క ముక్కే ఉంటుంది: "బ్యాలెన్స్ ట్రైనింగ్". చీటీ తెచ్చిన పెద్దాయనకు డెబ్బై దాటాయి. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఈ మధ్యే ఇంట్లో పడ్డారు. బయట బెంచీ మీద ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు. ఇలాంటి ఓపీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫిజియో సాధారణంగా ఏం చేస్తారంటే, కాలేజీలో నేర్చుకున్న బెర్గ్ బ్యాలెన్స్ స్కేలు ఫారం తీసి, పద్నాలుగు అంశాలూ చకచకా చేయించి, "43/56" అని రాసి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు మొదలుపెట్టేస్తారు. ఫారం సరిగ్గానే నింపారు. మార్కులూ సరిగ్గానే వేశారు. కానీ ఆయన ఎందుకు పడ్డారన్నది ఆ కాగితం మొత్తం వెతికినా దొరకదు.

43 ముగ్గురికి రావచ్చు. పాదాల్లో స్పర్శ పోయిన షుగరు పేషెంటుకి రావచ్చు. పార్కిన్సన్స్‌తో ఒళ్లు బిగుసుకుపోయిన మనిషికి రావచ్చు. రెండు మోకాళ్లూ అరిగి, ఆరు నెలలుగా మంచానికీ కుర్చీకీ మధ్యే తిరుగుతున్న అమ్మమ్మకీ రావచ్చు. ముగ్గురికీ ఒకే వ్యాయామాల కాగితం ఇస్తే ఒకరికి పని చేస్తుంది, ఒకరికి పని చేయదు, ఇంకొకరు ఆ వ్యాయామం చేస్తూనే పడతారు. అందుకని వరుస మార్చండి. ఎందుకు పడుతున్నారో ముందు తేల్చుకోండి, ఎంత బాగాలేదో తర్వాత కొలవండి. ఏ పరీక్ష చేయాలో పేషెంటు పడిన తీరు చెప్పాలి, మీ టేబులు మీదున్న ఫారం కాదు.

ముందు పడిన కథ

"ఎలా పడ్డారండీ?" అంటే అందరూ చెప్పే జవాబు "కాలు జారింది". అక్కడ ఆగిపోకండి. ఎక్కడ, ఏ వేళప్పుడు, ఏం చేస్తుండగా, ఎటువైపు పడ్డారు, పడేముందు ఏమనిపించింది, పడ్డాక తమంతట తాము లేవగలిగారా, ఇవన్నీ అడగండి. మాటల్లో చెప్పలేకపోతే చేసి చూపించమనండి. "ఇదే మీ బాత్రూం అనుకోండి పెద్దాయనా, బకెట్ ఎటు ఉంది, మీరు ఎటు తిరిగారు?" అని అడిగితే అప్పటిదాకా "ఏమో, జారింది" అన్న మనిషి కూడా "మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నా, అంతే, ముందుకి తూలాను" అంటారు. సగం రోగనిర్ధారణ ఆ వాక్యంలోనే ఉంది.

ప్రశ్న పేషెంటుని అడిగితే జవాబు కొడుకు చెప్తాడు. "నాన్న చెప్తే వినరు మేడం, చెప్పులు వేసుకోకుండా తిరుగుతారు" అని. ఆయన్ని కాసేపు ఆగమని, ముందు పెద్దాయన చెప్పింది వినండి, ఆ తర్వాతే చూసినవాళ్లను అడగండి. ఆడవాళ్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. పడ్డ సంగతి చెబితే ఇంట్లోవాళ్లు గుడికి కూడా పంపరేమోనని చాలామంది దాచేస్తారు. కోడలు బయటికెళ్లాక "పడబోయి, గోడో తలుపో పట్టుకుని ఆగిన సందర్భాలు ఉన్నాయా అమ్మా?" అని అడిగి చూడండి. పడబోయి ఆగినవాటిని లెక్కలోకి తీసుకోని హిస్టరీ సగం హిస్టరీయే.

కొన్ని కథలకు కొన్ని దారులు ఉంటాయి. తెల్లవారుజామున మంచం మీంచి లేచి నాలుగు అడుగులు వేశాక కళ్లముందు చీకట్లు కమ్మి పడితే, ముందు బీపీ చూడాలి. మంచం మీద పక్కకు తిరిగినప్పుడో, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తినప్పుడో గది గిర్రున తిరిగితే లోచెవి సంగతి చూడాలి. మొహం కడుక్కునేటప్పుడు, రాత్రి కరెంటు పోయినప్పుడు, కళ్లాపి చల్లిన మట్టివాకిట్లో తూలితే, పాదాల నుంచి మెదడుకు వెళ్లాల్సిన కబురు సరిగ్గా వెళ్లడం లేదని అనుమానించాలి. గుమ్మం దగ్గరా, వెనక్కి తిరిగేటప్పుడూ కాళ్లు నేలకు అతుక్కుపోయాయంటే పార్కిన్సన్స్ గుర్తుకు రావాలి. కాలి బొటనవేలు మాటిమాటికీ గడపకు తగులుతుంటే పాదం పైకి ఎత్తే కండరాలు చూడాలి. మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి మడతపడిందంటే తొడ ముందు కండరం చూడాలి.

రెండు కథల దగ్గర మాత్రం వ్యాయామం ఆలోచన పక్కన పెట్టండి. "ఎలా పడ్డానో నాకు గుర్తే లేదు, కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నా" అన్నవాళ్లది బ్యాలెన్స్ సమస్య అని మీరు తేల్చకూడదు. అది గుండె లయ తప్పడం కావచ్చు, ఫిట్స్ కావచ్చు. నడక మారిన కొద్ది నెలలకే మళ్లీ మళ్లీ వెనక్కి, కట్టె విరిగినట్టు పడిపోతున్నవాళ్లు ఇంకొకరు. మామూలు పార్కిన్సన్స్‌లో అంత తొందరగా పడటం మొదలుకాదు. న్యూరాలజిస్టు చూడాలి.

"కళ్లు తిరిగాయి" అన్నమాటను కూడా కాస్త జాగ్రత్తగా పట్టుకోండి. గిర్రున తిరగడం, నీరసం, తూలు, స్పృహ తప్పబోవడం అన్నిటికీ జనం ఆ ఒక్క మాటే వాడతారు. అది ఎలా అనిపించిందో చెప్పమని పేషెంటుని పీడించే బదులు, ఎంతసేపు ఉంది, దేనివల్ల మొదలైంది అని అడగండి. తల కదిపితే వచ్చి నిమిషంలోపు పోయేది వేరు, గంటలు ఉండేది వేరు, రోజుల తరబడి వదలనిది వేరు. అనుభూతిని మాటల్లో పెట్టడం ఎవరికైనా కష్టమే. ఎంతసేపున్నదో మాత్రం చాలామంది చెప్పగలరు.

మందుల సంచీ, బీపీ

మందుల సంచీ టేబులు మీద బోర్లించమనండి. చీటీలు కాదు, సంచీ. చీటీలో లేనివి సంచీలో ఉంటాయి. నిద్ర మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, ఒకటికి రెండు బీపీ మాత్రలు, తిమ్మిర్లకిచ్చిన అమిట్రిప్టిలిన్, ఇవన్నీ మనిషిని తూలేలా చేయగలవు. మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. "కళ్లు తిరుగుడుకి" అని ఎప్పుడో రాసిచ్చిన సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటి మాత్రల్ని మందులషాపులో అదే చీటీ చూపించి నెలల తరబడి వాడేస్తుంటారు. పెద్దవాళ్లు వీటిని ఎక్కువకాలం వాడితే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే రావచ్చు: నడక నెమ్మదిస్తుంది, చేతులు ఊగడం తగ్గుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. బ్యాలెన్స్ కోసం మొదలైన మందే బ్యాలెన్స్‌ని తినేస్తుంది. మందు ఆపమని చెప్పడం మీ పని కాదు. ఏ మాత్ర ఎంతకాలంగా వేసుకుంటున్నారో, నడకలో ఏం కనిపిస్తోందో డాక్టరుకి రాసి పంపడం మాత్రం మీ పనే.

బీపీ చూసే పద్ధతి తెలిసిందే, కానీ చేసేవాళ్లు తక్కువ. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడాలి. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అది లెక్కలోకి వస్తుంది. పేషెంటుకి ఏమీ అనిపించకపోయినా సరే, రాయాలి. మంచం ఖాళీ లేదని కూర్చోబెట్టి చూస్తే కొన్ని కేసులు తప్పించుకుపోతాయి. అయినా అసలు చూడకపోవడం కన్నా అది నయం.

తూలుడు ఉన్నట్టుండి, ఈ రోజే మొదలై, దానితోపాటు మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనపడటం, మూతి వంకర, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, వీటిలో ఏదైనా ఉంటే ఇక పరీక్షలు వద్దు. 108కి ఫోన్ చేయండి.

కళ్లు మూయించి చూస్తే

మనిషి నిటారుగా నిలబడాలంటే మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్లు, లోచెవి, పాదాలు. ఒకటి పోతే మిగతా రెండూ సర్దుకుంటాయి. రెండు పోతే మనిషి పడతాడు. ఆ మూడింటిలో ఏది పనిచేయడం లేదో పట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు.

పాదాలతో మొదలుపెట్టండి. పది గ్రాముల మోనోఫిలమెంటు, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, ఈ రెండూ మీ కోటు జేబులో ఉండాలి. బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని పైకా కిందకా అని అడగడం కూడా మరవకండి. గోరు మీదా వేలి కిందా పట్టుకుంటే మీ వేలి ఒత్తిడిని బట్టే చెప్పేస్తారు, కాబట్టి పక్కల నుంచే పట్టుకోవాలి. షుగరు ఉన్నవాళ్లలో స్పర్శ తగ్గడం మనకు అలవాటైన సంగతే. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతూ, మాంసం గుడ్లు ముట్టనివాళ్లలో బీ12 తగ్గడం కూడా అంతే మామూలు. అది పట్టుకుంటే మందుతో సరిచేయగలిగిన కారణం కాబట్టి రక్తపరీక్ష కోసం అడగడానికి మొహమాటపడకండి.

ఆ తర్వాత రాంబర్గ్. ఈ పరీక్షకు పేరిచ్చిన మోరిట్జ్ రాంబర్గ్ పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ వైద్యుడు. సిఫిలిస్ వెన్నుపాము వెనకభాగాన్ని తినేసిన రోగులు కళ్లు మూసుకుంటే నిలబడలేకపోవడం ఆయన గమనించి రాశాడు. దాన్నే మనం ఇప్పుడు షుగరు పాదాలకు వాడుకుంటున్నాం. చాలా కేసు షీట్లలో దీన్ని తప్పుగా రాస్తున్నారు. పాదాలు రెండూ దగ్గర పెట్టి, కళ్లు తెరిచి ఉన్నప్పుడు స్థిరంగా నిలబడగలిగి, కళ్లు మూసుకున్నాక నిలవలేకపోతేనే రాంబర్గ్ పాజిటివ్. కళ్లు తెరిచి ఉండగానే తూలుతుంటే అది రాంబర్గ్ పాజిటివ్ కాదు. అక్కడ చిన్నమెదడు గురించో, కండరాల బలం గురించో ఆలోచించాలి. "సెరిబెల్లార్ రాంబర్గ్" అని రాసిన షీట్లు నాకు కనపడుతూనే ఉంటాయి. ఆ మాటలో పరీక్ష దేనికోసమో మర్చిపోయిన సంగతి తప్ప ఇంకేమీ లేదు.

రాంబర్గ్‌ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లినవాళ్లు ఆన్ షమ్‌వే-కుక్, ఫే హోరాక్. 1986లో వాళ్లు ప్రతిపాదించిన పరీక్షలో ఆరు స్థితులుండేవి. ఓపీలో నాలుగు చాలు: గట్టి నేల మీద కళ్లు తెరిచి, గట్టి నేల మీద కళ్లు మూసి, ఫోమ్ మీద కళ్లు తెరిచి, ఫోమ్ మీద కళ్లు మూసి, ఒక్కోటి ముప్పై సెకన్లు. చివరిదాంట్లో మాత్రమే పడిపోతుంటే లోచెవిని అనుమానించవచ్చు, ఎందుకంటే అక్కడ కళ్లూ లేవు, పాదాల కబురూ నమ్మదగ్గది కాదు, మిగిలింది చెవి ఒక్కటే. గట్టి నేల మీద కళ్లు మూసినా పడుతుంటే ఆ మనిషి కళ్ల మీదే బతుకుతున్నాడని అర్థం, పాదాలు చూడండి. ఫోమ్ ఎక్కగానే, కళ్లు తెరిచి ఉన్నా మూసి ఉన్నా, తూలుతుంటే గట్టి నేల మీద ఆధారపడటం ఎక్కువ. ఒక హెచ్చరిక: డెబ్బై దాటినవాళ్లలో చాలామంది నాలుగో స్థితిలో ముప్పై సెకన్లు నిలవలేరు. అంతమాత్రాన అందరికీ చెవిజబ్బు రాసేయకండి. మరోవైపు, తేలికైన మొదటి స్థితిలో విపరీతంగా ఊగి, కష్టమైన నాలుగోదాంట్లో నిలకడగా ఉన్నవాళ్లలో భయం ఎంతో చూడాలి.

ఫోమ్ గురించి ఒక మాట. పాత పరుపు ముక్క కోసి వేస్తే పాదం నేలకి తగిలిపోతుంది, అప్పుడు అది గట్టి నేలే. కాస్త మందంగా, గట్టిగా ఉన్నది ఒకటి కొని, ఎప్పుడూ దాన్నే వాడండి. ఫోమ్ మారితే ఫలితం మారుతుంది, పేషెంటు మారినట్టు కనపడుతుంది.

మెడ అరుగుదల అనే అపవాదు

మన ఊళ్లలో తల తిరిగితే మెడ అరుగుదలే కారణం అని తేల్చేస్తారు. ఎక్స్‌రే తీస్తే యాభై దాటిన చాలామందికి ఎంతో కొంత అరుగుదల కనపడుతుంది, దాంతో నిర్ధారణ కూడా అయిపోయినట్టే. మెడకి కాలర్ వేసుకుని, ట్రాక్షన్ పెట్టించుకుని నెలలు గడిపినవాళ్లలో ఎంతమందికి డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేశారో అడిగి చూడండి. లోచెవిలో ఉండాల్సిన చోటు తప్పిన సున్నపు రేణువుల వల్ల వచ్చే గిర్రున తిరిగే జబ్బును ఆ పరీక్షతో పట్టుకోవడానికి ఒక మంచం, ఒక నిమిషం చాలు. పట్టుకున్నాక, ఆ రేణువుల్ని తిరిగి వాటి చోటికి పంపే ఎప్లీ పద్ధతిలో చాలాసార్లు అదే రోజు తేలిపోతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితం ఇచ్చే పని ఫిజియోథెరపీలో ఇంకొకటి నాకు తెలియదు.

1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించిన ఆ పరీక్ష ఇలా చేయాలి. కూర్చోబెట్టి తలను ఒకవైపు 45 డిగ్రీలు తిప్పి, త్వరగా వెనక్కి పడుకోబెట్టి, తల మంచం అంచు దాటి కొంచెం కిందకు వచ్చేలా పట్టుకోవాలి. ముందే చెప్పండి: "గిర్రున తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, నిమిషంలో తగ్గిపోతుంది, కళ్లు మాత్రం మూసుకోవద్దు." మీరు చూడాల్సింది కళ్లే. కొన్ని క్షణాల తర్వాత మొదలై, పైకీ కింద ఉన్న చెవి వైపుకీ మెలితిరుగుతూ కొట్టుకుని, నిమిషంలోపు ఆగిపోతే అది లోచెవిలోని వెనక గొట్టం సమస్య. కళ్లు వెంటనే కిందికి కొట్టుకుంటూ ఆగకుండా ఉంటే అది మీ చేతిలో పని కాదు, మెదడు సంగతి చూడాలి. మెడ నిజంగానే వంగనివాళ్లకు పక్కకు పడుకోబెట్టి అదే పరీక్ష చేయవచ్చు. పెద్దవయసువాళ్లలో ఇంకో మెలిక ఉంది: వాళ్లు గిర్రున తిరిగిందని చెప్పరు, "పట్టు తప్పినట్టుంది" అంటారంతే. కాబట్టి తిరగలేదన్నా ఒకసారి చేసి చూడండి.

మెడకి అసలు సంబంధమే లేదా అంటే, ఉంది, వేరే రకంగా. మెడలో వెన్నుపాము నలిగితే కాళ్లు బిగుసుకుంటాయి, నడక తేడా వస్తుంది, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, ముద్ద కలపడం చేతకాదు. "బ్యాలెన్స్ లేదు" అని వచ్చిన మనిషి చేతుల గురించి అడగడం అందుకే. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట వైద్యపత్రికలకెక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. నల్గొండ సంగతి అందరికీ తెలుసు. ఫ్లోరోసిస్‌లో వెన్నెముక లిగమెంట్లు గట్టిపడి వెన్నుపాముని నొక్కేస్తాయి. అలాంటి పెద్దాయన నడక తేడాని "వయసు" అని రాసేస్తే ఇంకెవరూ చూడరు. మోకాలి దగ్గర రిఫ్లెక్సులు ఎక్కువగా ఉన్నాయా, బాబిన్‌స్కీ ఎటు ఉంది, మూత్రం ఆపుకోవడంలో ఏమైనా మార్పు వచ్చిందా చూసి, ఉంటే వెంటనే పంపండి.

కదిలించి చూడటం

టైమ్డ్ అప్ అండ్ గో (టీయూజీ) అందరూ చేస్తారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడం. పన్నెండు సెకన్లు, లేదా అంతకన్నా ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉన్నట్టు చూడమని అమెరికా సీడీసీ పెద్దవాళ్ల కోసం ఇచ్చిన మార్గదర్శకం. వాళ్ల రోజువారీ చెప్పులు, రోజువారీ కర్రతోనే చేయించండి, "మామూలుగా నడవండి" అనండి. చాలామంది పరీక్ష అనగానే పరుగెత్తుతారు. ఓపీలో ఉండే ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, గోడకి ఆనించండి. సెకన్ల కన్నా చూడాల్సినవి వేరే ఉన్నాయి. చేతులతో నొక్కి లేచారా, మొదటి అడుగు పడటానికి తడబడ్డారా, తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేశారు, కూర్చునేటప్పుడు కూలబడ్డారా. పద్నాలుగు సెకన్లలో తొమ్మిది సెకన్లు తిరగడానికే పట్టిన మనిషికి, పద్నాలుగు సెకన్లూ నెమ్మదిగా నడిచిన మనిషికి ఒకే వ్యాయామం ఇవ్వలేం కదా.

ఆ తర్వాత అదే పరీక్ష చేతిలో నీళ్ల గ్లాసు పెట్టి చేయించండి. ఇంకోసారి మాట్లాడిస్తూ చేయించండి. మాట్లాడిస్తే ఆగిపోయేవాళ్లు పడే అవకాశం ఎక్కువని స్వీడన్‌లో లిల్లెమోర్ లుండిన్-ఓల్సన్ బృందం 1997లోనే లాన్సెట్‌లో చూపించింది. పుస్తకాల్లో వంద నుంచి మూడేసి తగ్గించి లెక్కపెట్టమంటారు. చదువుకోని అవ్వకి అది బ్యాలెన్స్ పరీక్ష కాదు, లెక్కల పరీక్ష. సంతలో దొరికే కూరగాయల పేర్లు చెప్పమనండి, వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి.

ఇక బెర్గ్. నేను దానికి వ్యతిరేకిని కాను. 1989లో కెనడాలో కాథరిన్ బెర్గ్ బృందం ప్రకటించిన ఈ స్కేలు స్ట్రోక్ తర్వాత కోలుకుంటున్నవాళ్లకు ఇప్పటికీ బాగా పనికొస్తుంది. దాని హద్దులు తెలిసి వాడాలి, అంతే. అందులో నడక లేదు. ఎవరైనా నెట్టితే, బస్సు ఉన్నట్టుండి కదిలితే అడుగు వేసి ఆపుకోగలరా అన్నది లేదు. చురుగ్గా ఉన్న మనిషికి 54, 55 వచ్చేస్తాయి, అయినా పడుతుంటారు. అలాంటివాళ్లకి మినీ-బెస్ట్ చేయండి. అదీ పద్నాలుగు అంశాలే, 28 మార్కులు, కానీ నెట్టినప్పుడు స్పందన, నడుస్తూ తల తిప్పడం, మాట్లాడుతూ నడవడం అన్నీ అందులో ఉన్నాయి. బెర్గ్‌లో 45 కన్నా తక్కువైతే ప్రమాదం అన్న గీతను కూడా మరీ గట్టిగా పట్టుకోకండి. 44 వచ్చినవాళ్లు పడతారని, 46 వచ్చినవాళ్లు పడరని కాదు. ఇంకా నిలబడలేని స్ట్రోక్ పేషెంటుకి బెర్గ్ చేసి 3/56 అని రాయడంలో ప్రయోజనం లేదు. ఆ దశలో కూర్చున్నప్పుడు నడుము ఎటు ఒరుగుతోంది, మంచి చేత్తో అటువైపు తోసుకుంటున్నారా అన్నది చూడాలి.

నెట్టి చూసే పరీక్ష గురించి పుస్తకాలు తక్కువ చెబుతాయి కాబట్టి ఇక్కడ చెప్తాను. పేషెంటు మీ అరచేతుల మీద వెనక్కి ఒరుగుతారు, చెప్పకుండా మీరు చేతులు తీస్తారు. ఒకటి రెండు అడుగులతో ఆపుకుంటే ఫరవాలేదు. చిన్న చిన్న అడుగులు చాలా వేస్తే, లేదా అడుగే వేయకుండా పడిపోతే అదే పెద్ద సమాచారం. వెనక ఇంకొకరు లేకుండా ఇది చేయకండి. మొత్తంగా పేషెంటుని పట్టుకునే విషయంలో ఒకటే జాగ్రత్త: నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, బలహీనమైన వైపు, కాస్త వెనగ్గా నిలబడండి. చీర కుచ్చిళ్లో పంచె అంచో పట్టుకుంటే చేతిలోకి గుడ్డ మాత్రమే వస్తుంది. తుడిచిన తడి ఆరకముందు టైల్స్ మీద ఏ పరీక్షా వద్దు.

స్కేళ్లలో లేని మన ఇల్లు

ఈ స్కేళ్లన్నీ కుర్చీల్లో కూర్చుని, కమోడ్ వాడి, షవర్ కింద నిలబడే జనం కోసం పుట్టినవి. మనవాళ్లు పడేది వేరే చోట. నేల మీద కూర్చుని లేవడం, లెట్రిన్‌లో గొంతుక్కూర్చుని లేవడం, గడప దాటడం, ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కడం, గుళ్లో తడి నేల మీద ప్రదక్షిణ చేయడం, పూజ కోసం ఒంగి లేవడం, వీటిలో చాలావాటికి ఆ ఫారాల్లో గడి లేదు. గడి లేదని చేయకుండా ఉండకూడదు. ఆ మనిషి రోజూ చేసే పని ఒకటి ఎంచి, మీ ముందు చేయించి, ఎక్కడ చెయ్యి ఆసరా తీసుకున్నారో, ఎన్నిసార్లు ప్రయత్నించారో, ఎంతసేపు పట్టిందో రాయండి. వచ్చేసారి అదే చేయించండి. స్కేలుకున్న విలువ దీనికి రాదంటారు కొందరు. పేపరు రాయడానికి రాకపోవచ్చు, ఆ ఇంట్లోవాళ్లకి మాత్రం "బెర్గ్ నాలుగు పెరిగింది" కన్నా "అమ్మ ఇప్పుడు నేల మీంచి పీట పట్టుకుని లేస్తోంది" అన్నదే అర్థమవుతుంది.

భయాన్నీ కొలవాలి. ఒకసారి పడ్డాక ఇల్లు కదలడం మానేసినవాళ్ల కాళ్లు భయంతోనే బలహీనపడతాయి. ఫాల్స్ ఎఫికసీ స్కేలు ఇంటర్నేషనల్ పదహారు ప్రశ్నలది. అంత సమయం లేకపోతే ఒక్కటే అడగండి: "పడతానేమోనని ఏ పని మానేశారు?" ఆ జవాబే చాలాసార్లు మీ మొదటి లక్ష్యం అవుతుంది. కళ్లద్దాల సంగతి కూడా అడగండి. దూరానికీ దగ్గరకీ ఒకే అద్దం పెట్టుకుని మెట్లు దిగేవాళ్లకు కిందిమెట్టు మసగ్గా కనపడుతుంది.

కాగితం మీద

ఇంత చేసి "బ్యాలెన్స్ పూర్, 43/56, ఎక్సర్‌సైజులు నేర్పాం" అని రాస్తే చేసిందంతా వృథా. ఇలా రాసి చూడండి: "మూడు నెలల్లో రెండుసార్లు పడ్డారు, రెండూ బాత్రూంలో, మొహం కడుక్కుంటూ కళ్లు మూసినప్పుడు. రెండు పాదాల్లో మోనోఫిలమెంటు తెలియడం లేదు, బొటనవేళ్ల స్థితి చెప్పలేకపోతున్నారు. రాంబర్గ్ పాజిటివ్. పడుకుని 142/84, నిలబడ్డ నిమిషానికి 118/76, రోజూ రెండు బీపీ మాత్రలు. డిక్స్-హాల్‌పైక్ రెండు వైపులా నెగెటివ్. టీయూజీ 15 సెకన్లు, తిరిగేటప్పుడు ఆరు అడుగులు. బీ12 పరీక్ష, బీపీ మందుల సమీక్ష కోరుతున్నాం." ఇది చదివిన డాక్టరు ఫోన్ చేస్తారు. "బ్యాలెన్స్ పూర్" చదివి ఎవరూ ఫోన్ చేయరు. ఆ కాగితం చూస్తే వ్యాయామాలేమిటో కూడా మీకే తెలిసిపోతుంది: బాత్రూంలో స్టూలు మీద కూర్చుని స్నానం, పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి లైటు, మంచం మీంచి లేచే ముందు మడమలు ఆడించి కాసేపు కూర్చోవడం, ఆ తర్వాతే నిలబడి చేసే వ్యాయామాలు.

మళ్లీ పరీక్షించేటప్పుడు అదే వేళకి, అదే చెప్పులతో, అదే కుర్చీతో చేయండి. పార్కిన్సన్స్ పేషెంటుకైతే మందు వేసుకున్న ఎంతసేపటికి చేశారో రాసి, మళ్లీ అంతే సేపటికి చేయండి. మందు పనిచేస్తున్న వేళ ఒకసారి, దిగిపోయిన వేళ ఒకసారి కొలిస్తే మీరు కొలిచింది మందుని. బెర్గ్‌లో రెండు మూడు మార్కులు పెరిగితే దాన్ని మెరుగుదల అని ప్రకటించకండి. 45 పైన ఉన్నవాళ్లకు నాలుగు మార్కులు, 25 నుంచి 34 మధ్య ఉన్నవాళ్లకు ఏడు మార్కుల దాకా మారితేగానీ అది కొలతలోని తేడా కాదని చెప్పలేం. అంతకన్నా తక్కువ మారి, పేషెంటు మాత్రం "బాగుంది" అంటుంటే, మీరు ఎంచిన ఆ ఇంటిపని మళ్లీ చేయించి చూడండి, ఆ నెలలో ఎన్నిసార్లు పడబోయి ఆగారో అడగండి.